ఏది మామూలు, ఏది జబ్బు, ఏది నేరం? ఉద్యోగుల క్లాసుకి ఒక కొలబద్ద కావాలి

గోదారిగట్టు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. పాతిక నుంచి యాభై ఏళ్ల మధ్య ఉద్యోగులకి ఒక పూట ఆరోగ్య శిక్షణ ఉంది. అందులో 40 నిమిషాలు లైంగిక ఆరోగ్యానికి కేటాయించారు. ముందే ఒక డబ్బా పెట్టి, పేరు రాయకుండా చీటీలు వేయమన్నాం. వచ్చినవాటిలో కొన్ని, భాష మార్చకుండా:

1. రోజూ హస్తప్రయోగం అలవాటు. నరాల బలహీనత వస్తుందంటున్నారు. పెళ్లికి పనికొస్తానా?
2. ఆయనకి వారానికి నాలుగుసార్లు కావాలి, నాకు నెలకి రెండుసార్లు చాలు. ఎవరిలో లోపం?
3. ఫోన్లో ఆ వీడియోలు చూడందే నిద్ర పట్టదు. ఇది వ్యసనమా?
4. పెళ్లయి ఏడు నెలలు. నొప్పి వల్ల ఇంకా కలవలేదు. ఇంట్లో చెప్పలేం.
5. షుగర్ ఉంది, వయసు 48. పటుత్వం తగ్గింది. మెడికల్ షాపులో ఏది అడగాలి?
6. భర్త అడిగితే వద్దనే హక్కు భార్యకి ఉందా?

విడివిడిగా జవాబులు వెతుక్కుంటే దొరుకుతాయి. కానీ అందరూ చివర్లో అడిగేది ఒకటే, "ఇది మామూలేనా అండీ" అని. ఆ గీత ఎక్కడ గీయాలో, ఒక్కో చీటీకి ఆ గీతని ఎలా వర్తింపజేయాలో తెలిసినవాళ్లు చెప్పగలరా? నీతి పాఠం వద్దు. వాడుకోదగ్గ సమాచారం కావాలి.

మనసుడెస్క్ (క్లినికల్ సైకాలజీ)

చీటీలు మంచివి వచ్చాయి. క్లాసు మొదట్లోనే "ఎన్నిసార్లు" అనే లెక్కని పక్కన పడేయండి. ఇన్నిసార్లు దాటితే జబ్బు, ఇన్నింటికి తగ్గితే లోపం అనే అంకె వైద్యంలో లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో నిపుణులతో చర్చించి 2006లో ప్రచురించిన నిర్వచనం ప్రకారం, జబ్బు లేనంత మాత్రాన లైంగిక ఆరోగ్యం ఉన్నట్టు కాదు. బలవంతం, వివక్ష, హింస లేకుండా, సుఖంగా, సురక్షితంగా ఉండే అవకాశం కూడా ఉండాలి. దీన్ని పనికొచ్చే రూపంలోకి మార్చింది అమెరికా థెరపిస్టు డగ్లస్ బ్రాన్-హార్వీ. ఆయన ఆరు ప్రశ్నలు పెడతాడు. ఇద్దరి సమ్మతి ఉందా? ఒకరి నిస్సహాయతని ఇంకొకరు వాడుకుంటున్నారా? సుఖవ్యాధులు, అక్కర్లేని గర్భం రాకుండా జాగ్రత్త ఉందా? దాపరికం లేకుండా ఉందా? ఇద్దరి విలువలకీ పొసుగుతుందా? ఇద్దరికీ సుఖం ఉందా? మన దగ్గర మొదటి ఐదూ ఎలాగోలా చర్చకొస్తాయి, ఆరోది మాత్రం రాదు. ఆడవాళ్ల సుఖం అనే మాట ఎత్తగానే హాల్లో నవ్వులు మొదలవుతాయి. అక్కడ ఆగి నిదానంగా చెప్పండి.

ఇక మూడో చీటీ. "సెక్స్ అడిక్షన్" అనే పేరుతో రోగనిర్ధారణ ఏదీ లేదు. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న ఐసీడీ-11లో (ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా) ఉన్నది "కంపల్సివ్ సెక్సువల్ బిహేవియర్ డిజార్డర్". దాన్ని పెట్టింది వ్యసనాల గుంపులో కాదు, ఉద్వేగాన్ని ఆపుకోలేని సమస్యల గుంపులో. కోరికని అదుపు చేసుకోలేని తీరు ఆరు నెలలో ఇంకా ఎక్కువో సాగాలి. దానివల్ల బతుకు దెబ్బతినాలి. తిండి, నిద్ర, పని అన్నీ దాని చుట్టూ తిరగడం. మానాలని చాలాసార్లు ప్రయత్నించి ఓడిపోవడం. ఉద్యోగమో కాపురమో పాడవుతున్నా ఆగలేకపోవడం. ఆఖరికి అందులో సుఖం లేకపోయినా చేస్తూనే ఉండడం. చూసే గుర్తులు ఇవి.

అదే చోట ఇంకో వాక్యం ఉంది, చాలామంది దాన్ని చదవరు. బాధంతా "ఇది పాపం, తప్పు" అనే భావన వల్లే అయితే, ఆ ఒక్కదాన్ని పట్టుకుని జబ్బు అనకూడదు. వారానికి రెండుసార్లు చూసి నెలంతా కుమిలిపోయేవాడికి ఉన్నది అపరాధ భావన. రోజుకి ఐదు గంటలు చూస్తూ ఆఫీసు మీటింగులు ఎగ్గొట్టేవాడికి ఉన్నది అదుపు సమస్య. ఇద్దరికీ ఒకే మందు వేస్తే మొదటివాడు ఇంకా కుంగిపోతాడు.

నిద్ర కోసం చూసేవాళ్లలో తరచుగా అసలు సమస్య నిద్రే, లేదా ఆందోళన. రెండు వారాలు ఒక కాగితం మీద మూడు గళ్లు గీసి రాసుకోమనండి: ఎన్ని గంటలకి చూశారు, దానికి ముందు మనసులో ఏముంది, తర్వాత ఎలా అనిపించింది. "ముందు ఏముంది" గడిలో ఒంటరితనం, బాసు తిట్లు, ఖాళీ రాత్రి అనే మాటలే మళ్లీ మళ్లీ వస్తుంటే పట్టుకోవాల్సిన కొస అక్కడుంది. ఫోను పడకగది బయట ఛార్జింగ్ పెట్టడం, అలారానికి వేరే గడియారం కొనుక్కోవడం చిన్న పనులే, కానీ సంకల్పం కంటే బాగా పనిచేస్తాయి. "ఈ రోజు నుంచి పూర్తిగా బంద్" అనే ఒట్టు మాత్రం పెట్టించకండి. ఒక్కసారి తప్పగానే "ఎలాగూ పోయింది" అని రెట్టింపు చూస్తారు. రెండు నెలల్లో మార్పు లేకపోతే సైకాలజిస్టు దగ్గరికి వెళ్లాలి. ముందు ఫోన్లో మాట్లాడాలనుకుంటే టెలి-మానస్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడొచ్చు, ఉచితం.

ఆండ్రో_వైద్యం

1, 5 చీటీలు నావి.

హస్తప్రయోగం వల్ల నరాలు బలహీనపడవు, అంగం చిన్నదవదు, పిల్లలు పుట్టకుండా పోరు. ఒకసారి స్ఖలనంలో వచ్చేది సుమారు 2 నుంచి 5 మిల్లీలీటర్లు, అంటే ఒక టీ స్పూను లోపే. అందులో మూడింట రెండొంతులు శుక్రకోశాల ద్రవం, మిగతాదాంట్లో ఎక్కువ భాగం ప్రోస్టేట్ ద్రవం. శుక్రకణాలు 2 నుంచి 5 శాతమే. "40 చుక్కల రక్తం ఒక చుక్క వీర్యం" అనే మాటకి శరీరంలో ఆధారం లేదు. వీర్యం రక్తంలోంచి చిలికితే వచ్చే వెన్న కాదు. వృషణాలు రోజూ తయారు చేస్తూనే ఉంటాయి, ఒక కణం తయారవడానికి రెండు నెలలకి పైగా పడుతుంది.

వీర్యం పోతే సత్తువ పోతుందనే ఈ భయానికి వైద్యంలో పేరే ఉంది, ధాత్ సిండ్రోమ్. 1960లో ఆ పేరు పెట్టింది మన దేశపు మానసిక వైద్యుడు ఎన్.ఎన్. విగ్. నీరసం, నడుం నొప్పి, ఏకాగ్రత లేకపోవడం వంటివన్నీ "ధాతువు పోవడం" ఖాతాలో వేసుకుని కుంగిపోతారు. "మూత్రంలో తెల్లగా పోతోంది" అని సీసాలో పట్టుకొచ్చేవాళ్లుంటారు. అది చాలావరకు ఫాస్ఫేటు లవణాల మడ్డి. ఆ మూత్రంలో నాలుగు చుక్కల వెనిగర్ వేస్తే మబ్బు విడిపోయి తేటగా మారుతుంది. ఈ ఒక్క పరీక్ష అరగంట ఉపన్యాసం కంటే ఎక్కువ నమ్మకం కలిగిస్తుంది. వెనిగర్ వేసినా తేటపడకపోతే, లేదా మంట, జ్వరం ఉంటే ఇన్‌ఫెక్షన్ కోసం మూత్ర పరీక్ష చేయించాలి. అలాంటి లక్షణాలు లేకపోతే నీరసానికి హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్ చూడాలి, ఆ పైన డిప్రెషన్ ఉందేమో అడగాలి.

హస్తప్రయోగంలో నిజంగా తేడా చేసేది ఒకటుంది. మరీ గట్టిగా బిగించి, ఒకే తీరులో, ఒకటే వేగంతో ఏళ్ల తరబడి అలవాటైతే భాగస్వామితో ఆ ఒత్తిడి దొరక్క స్ఖలనం ఆలస్యమవుతుంది. దానికి మందు అక్కర్లేదు. పట్టు వదులు చేసి, చెయ్యి మార్చి, లూబ్రికెంట్ వాడి కొన్ని వారాలు అలవాటు మార్చుకోవాలి.

ఇప్పుడు 48 ఏళ్ల ఆయన. ఆయన అడగాల్సింది షాపులో కాదు. అంగంలోని రక్తనాళం వెడల్పు 1 నుంచి 2 మి.మీ., గుండె నాళాలది 3 నుంచి 4 మి.మీ. పూడిక మొదలైతే సన్నదాంట్లో ముందు తెలుస్తుంది. పటుత్వం తగ్గిన కొన్నేళ్లకి గుండె జబ్బు బయటపడడం తెలిసిన సంగతే. అందుకే దీన్ని సిగ్గుపడే విషయంగా చూడకుండా గుండె పంపిన ముందస్తు ఉత్తరంగా చూడాలి.

ముందు రెండు ప్రశ్నలు అడగాలి. తెల్లవారుజామున నిద్రలేచేటప్పుడు స్తంభన వస్తోందా? ఒంటరిగా ఉన్నప్పుడు వస్తోందా? రెండూ ఉండి, భార్య దగ్గర మాత్రమే విఫలమైతే ఆందోళన, గొడవలు, మునుపు ఒకసారి విఫలమైన భయం వైపు చూడాలి. ఏడాదిగా మెల్లగా తగ్గుతూ, తెల్లవారుజామున కూడా రాకపోతే శరీరం వైపు. పరీక్షలు: బీపీ, పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), కొలెస్ట్రాల్, ఉదయం 8 నుంచి 11 లోపు తీసిన టెస్టోస్టిరాన్ (మగ హార్మోను). అది తక్కువొస్తే ఇంకోరోజు ఉదయం మళ్లీ చేయించాకే తక్కువ అనాలి. సాయంత్రం తీసిన శాంపిల్ చూసి ఇంజెక్షన్లు మొదలుపెట్టడం జరుగుతుంటుంది, అది తప్పు. టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ శుక్రకణాల తయారీని ఆపేస్తుంది. పిల్లలు కావాలనుకునేవాళ్లకి అది పెద్ద దెబ్బ.

వాడుతున్న మందుల చీటీ కూడా చూడాలి. కొన్ని బీపీ మందులు, డిప్రెషన్ మందులు పటుత్వాన్నీ కోరికనీ తగ్గిస్తాయి. అయితే డాక్టర్ని అడగకుండా అవి మానేయకూడదు. మందు మార్చడానికి వీలుంటుంది.

మందులషాపు_కౌంటర్

డాక్టరు గారు చెప్పినదానికి కౌంటర్ దగ్గర కనబడే తప్పులు కలుపుతా.

సిల్డెనాఫిల్ (వయాగ్రా పేరుతో తెలిసిన స్తంభన బిళ్ల) డాక్టరు చీటీ లేకుండా ఇవ్వకూడని మందు. మామూలుగా మొదలు 50 ఎంజీ, కలయికకి గంట ముందు, రోజుకి ఒక్కసారే. పెద్దవయసువాళ్లకి, కాలేయం, కిడ్నీ సరిగా లేనివాళ్లకి 25తో మొదలు. "పనిచేయలేదు" అని తిరిగొచ్చేవాళ్లని అడిగితే బయటపడేది ఒకటే: మటన్ బిర్యానీ తిని, పైన మందు కొట్టి వేసుకున్నారు. కొవ్వు తిండి దాన్ని గంట ఆలస్యం చేస్తుంది. రెండో తప్పు, వేసుకుని టీవీ ముందు కూర్చోవడం. కోరిక, స్పర్శ లేకుండా బిళ్ల దానంతటది ఏమీ లేపదు. ఒకసారి వేసుకుని వదిలేయకుండా, సరిగ్గా వాడుతూ ఆరేడుసార్లు చూశాకే పనిచేయదని తేల్చాలి. అదే కోవకి చెందిన తడలాఫిల్ ప్రభావం 36 గంటల దాకా ఉంటుంది, తిండితో పట్టింపు లేదు.

ప్రాణం మీదికి తెచ్చేది సార్బిట్రేట్. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ బిళ్లలు వాడేవాళ్లు ఈ మందుల జోలికే పోకూడదు. రెండూ కలిస్తే బీపీ పాతాళానికి పడిపోతుంది. సిల్డెనాఫిల్ వేసుకున్న రాత్రి ఛాతీనొప్పి వస్తే ఆసుపత్రిలో ఆ సంగతి ముందు చెప్పాలి: సిల్డెనాఫిల్ తర్వాత 24 గంటలు, తడలాఫిల్ తర్వాత 48 గంటలు నైట్రేట్ ఇవ్వరు. సిగ్గుపడి దాచడమే ప్రమాదం. స్తంభన నాలుగు గంటలు దాటినా దిగకపోతే అదీ ఎమర్జెన్సీయే, తెల్లారేదాకా ఆగకూడదు.

గోడల మీద రాసే "మూడు రోజుల్లో గ్యారంటీ" లేహ్యాల గురించి. లైంగిక శక్తి పెంచుతామని ప్రకటన ఇవ్వడమే 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద నేరం. "పూర్తిగా మూలికలే" అని అమ్మే గుళికల్లో లెక్క తెలియని సిల్డెనాఫిల్ పొడి కలిపి పట్టుబడిన సందర్భాలు చాలా దేశాల్లో ఉన్నాయి. గంటలో పనిచేసిన మూలిక మీద అనుమానం రావాలి.

యోగమార్గం

అందరూ ఇంగ్లిష్ వైద్యమే చెప్తున్నారు. అతి సర్వత్ర వర్జయేత్ అన్నారు పెద్దలు. బ్రహ్మచర్యం పాటించేవాళ్లు ఆరోగ్యంగా లేరా? కోరిక తగ్గించుకోవడం కూడా ఆరోగ్యమే కదా.

మనసుడెస్క్

ఆరోగ్యమేనండీ, ఎవరి ఇష్టంతో వాళ్లు ఎంచుకున్నప్పుడు. బ్రహ్మచర్యం పాటించేవాళ్లలో లోపం ఉందని ఎవరూ అనట్లేదు. జీవితాంతం ఎవరి మీదా లైంగిక ఆకర్షణ కలగనివాళ్లు కూడా ఉంటారు. వాళ్లకి దానివల్ల బాధ లేకపోతే అది జబ్బు కాదు, అమెరికా మానసిక వైద్యుల రోగనిర్ధారణ పుస్తకం డీఎస్ఎం-5 కూడా అలాంటివాళ్లకి కోరిక లోపం అనే ముద్ర వేయొద్దంటుంది. తేడా వచ్చేదల్లా ఒకరి బ్రహ్మచర్యం పెళ్లి తర్వాత చెప్పాపెట్టకుండా ఇంకొకరి మీద పడినప్పుడు. నిజాయితీ, ఇద్దరి విలువలు పొసగడం అనే రెండు ప్రశ్నలూ అక్కడ తప్పుతాయి.

స్వలింగ ఆకర్షణ గురించి చీటీ రాకపోయినా హాల్లో ఎవరో ఒకరికి ఆ ప్రశ్న ఉంటుంది. అమెరికా మానసిక వైద్యులు 1973లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో దాన్ని జబ్బుల జాబితాలోంచి తీసేశారు. మన సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న పెద్దల మధ్య ఇష్టపూర్వక సంబంధం నేరం కాదంది. "మార్చేస్తాం" అనే చికిత్స చేయడం వృత్తిపరమైన తప్పిదమని జాతీయ వైద్య కమిషన్ 2022లో చెప్పింది. పెళ్లి చేస్తే కుదురుకుంటాడనే ఆలోచన ఇద్దరి బతుకుల్ని పాడుచేస్తుంది.

గైనిక్_వార్డు

నాలుగో చీటీ రాసినవాళ్లు ఏడు నెలలు మోశారు పాపం. దీనికి చికిత్స ఉంది, ఫలితాలు కూడా బాగుంటాయి.

నొప్పి ఎక్కడ అనేది మొదటి ప్రశ్న. ప్రవేశం దగ్గరే, గోడకి తగిలినట్టు ఆగిపోతుంటే ఎక్కువగా వెజైనిస్మస్: యోని చుట్టూ ఉన్న కటి కండరాలు మనసు చెప్పకుండానే బిగుసుకుపోతాయి. కంట్లోకి వేలు వస్తుంటే రెప్ప మూసుకున్నట్టే. ఆమె "సహకరించకపోవడం" కాదది. ప్రవేశం దగ్గర మంటగా ఉంటే ఫంగస్ ఇన్‌ఫెక్షన్, పొడిబారడం, కాన్పు కుట్ల మచ్చ చూడాలి. లోపల లోతుగా నొప్పి, దానికి తోడు నెలసరిలో విపరీతమైన నొప్పి ఉంటే ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరగడం), కటిభాగం ఇన్‌ఫెక్షన్, సిస్టుల కోసం స్కాన్ కావాలి.

వెజైనిస్మస్‌కి పని ఇలా సాగుతుంది. మొదట కలయిక పూర్తిగా ఆపేయాలి, ఇద్దరూ ఒప్పుకుని. ప్రతి రాత్రీ "ఈసారి చూద్దాం" అనుకుంటూ ఉంటే భయం ఇంకా బలపడుతుంది. తర్వాత అద్దం పెట్టుకుని తన శరీరాన్ని తను చూసుకోవడం. పెళ్లయి పిల్లలున్నవాళ్లలో కూడా ఇది ఎప్పుడూ చేయనివాళ్లున్నారు. మూత్రం ఆపినట్టు కండరాన్ని ఐదు సెకన్లు బిగించి, పది సెకన్లు వదలాలి. నేర్చుకోవాల్సింది ఆ వదలడం. ఆ తర్వాత నీటి ఆధారిత లూబ్రికెంట్ రాసి చిటికెన వేలి కొస, లేదా డాక్టరిచ్చే డైలేటర్లలో (సైజుల వారీగా ఉండే నున్నటి గొట్టాలు) అన్నిటికంటే సన్ననిది. రోజూ పది పదిహేను నిమిషాలు, ఊపిరి నిదానంగా వదులుతూ. నొప్పి లేకుండా మూడు నాలుగు రోజులు గడిచాకే తర్వాతి సైజు. చివరి సైజు తర్వాత భాగస్వామి వేలు, ఆ తర్వాతే కలయిక, అదీ ఆమె పైన ఉండి వేగం తన చేతిలో ఉంచుకుని. కొన్ని వారాల నుంచి కొన్ని నెలలు పడుతుంది. చెడేది ఎక్కడంటే, తొందరపడి రెండు సైజులు దూకడం దగ్గర, "రెండు పెగ్గులు వేస్తే అదే పోతుంది" అనే సలహా దగ్గర. ఇంకోటి, చాలాసార్లు ఇది సాగుతుండగా భర్తకి కూడా పటుత్వం తగ్గుతుంది. అందుకే ఇద్దరినీ కలిపి చూడాలి.

పొడిబారడం కోరిక లేకపోవడం కాదు. పాలిచ్చే తల్లుల్లోనూ, ముట్లుడిగినవాళ్లలోనూ ఆడ హార్మోను ఈస్ట్రోజెన్ తగ్గి అలా అవుతుంది. ముట్లుడిగినవాళ్లకి డాక్టరు రాసే ఈస్ట్రియాల్ క్రీమ్ మామూలుగా రెండు వారాలు రోజూ రాత్రి, ఆ తర్వాత వారానికి రెండుసార్లు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు క్యాన్సర్ డాక్టర్ని అడగకుండా వాడొద్దు. మన ఇళ్లలో చేతికి దొరికేది కొబ్బరి నూనె. కండోమ్ వాడకపోతే ఇబ్బంది లేదు, కండోమ్ వాడుతుంటే మాత్రం వద్దు. నూనె తగిలిన రబ్బరు నిమిషాల్లో బలం కోల్పోయి చిరుగుతుంది.

ఇక తెల్లబట్ట. మగవాళ్ల ధాతు భయానికి ఇది ఆడరూపం. "తెల్లబట్ట అవుతోంది, ఒంట్లో సత్తువ పోతోంది" అంటారు. నెల మధ్యలో గుడ్డులోని తెల్లసొనలా సాగే స్రావం అండం విడుదలకి గుర్తు, జబ్బు కాదు. పెరుగు విరిగినట్టు ముక్కలుగా ఉండి దురద, చేప వాసన, పచ్చరంగు, కింద నొప్పి, ఇవి ఉంటే పరీక్ష కావాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో సురక్ష క్లినిక్‌లు సుఖవ్యాధులకే ఉన్నాయి, ఐసీటీసీలో (సలహా, పరీక్షా కేంద్రం) హెచ్ఐవీ పరీక్ష ఉచితం. హెచ్ఐవీ సోకే ప్రమాదం జరిగిందనుకుంటే 72 గంటలు దాటకముందే వెళ్లాలి. అది రాకుండా ఇచ్చే 28 రోజుల మందుల కోర్సు ఎంత ముందు మొదలైతే అంత మంచిది. గర్భం రాకుండా వేసుకునే 1.5 ఎంజీ లెవోనార్జెస్ట్రల్ బిళ్లకి కూడా గడువు 72 గంటలే. అది సుఖవ్యాధుల్ని ఆపదు, నెలనెలా వాడుకునేదీ కాదు. అనుమానం ఉంటే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయొచ్చు.

గోదారిగట్టు

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. రెండో చీటీ (వారానికి నాలుగు, నెలకి రెండు) ఎవరూ ముట్టుకోలేదు. ఆరోది కూడా మిగిలింది. క్లాసులో ఎక్కువ గొడవ జరిగేది ఆ రెండిటి దగ్గరే.

మనసుడెస్క్

రెండో దాంట్లో ఇద్దరిలో ఎవరికీ లోపం లేదు. తేడా ఇద్దరి మధ్య ఉంది. "ఎవరిలో" అని అడిగినంతకాలం ఒకరు ఫిర్యాదుదారు, ఇంకొకరు ముద్దాయి అయి కూర్చుంటారు.

కొందరికి కోరిక ముందు పుట్టి స్పర్శ వైపు నడిపిస్తుంది. కొందరికి స్పర్శ, మాట, తీరిక కుదిరాకే కోరిక మేల్కొంటుంది. ఈ రెండో రకాన్ని 2000 ప్రాంతంలో కెనడా వైద్యురాలు రోజ్‌మేరీ బాసన్ వివరించింది, అదీ మామూలే. దీనికి తోడు అమెరికాలో లైంగికత మీద పరిశోధన చేసే కిన్సీ సంస్థలో పనిచేసిన బాంక్రాఫ్ట్, జాన్సెన్ చెప్పిన యాక్సిలరేటరు, బ్రేకు లెక్క ఉంది. మనవాళ్లు యాక్సిలరేటరు తొక్కమనే సలహాలు ఇస్తారు, బ్రేకు మీదున్న కాలు ఎవరూ చూడరు. గడియ సరిగా పడని తలుపు, పలచటి గోడకి అవతల అత్తామామలు, మంచం మీద మధ్యలో పడుకున్న ఐదేళ్ల పిల్ల, రాత్రి పదకొండుకి ఇంకా సింకులో గిన్నెలు, ఈ నెల తప్పుతుందేమోనన్న భయం. ఇద్దరూ విడివిడిగా తమ బ్రేకులు కాగితం మీద రాసి మార్చుకుంటే చాలామందికి మొదటి ఆశ్చర్యం అక్కడే. ఇరవై రూపాయల గడియ మార్చడం కూడా చికిత్సే. ఉన్నట్టుండి కోరిక పడిపోతే మాత్రం రక్తహీనత, థైరాయిడ్, ప్రొలాక్టిన్ అనే హార్మోను, డిప్రెషన్, కొత్తగా మొదలుపెట్టిన మందులు చూడాలి.

ఇంట్లో చేసుకోదగ్గది అమెరికా పరిశోధకులు మాస్టర్స్, జాన్సన్ 1970లో బయటపెట్టిన స్పర్శ అభ్యాసం. వారానికి రెండు మూడు రోజులు, ఒక్కొక్కరికి ఇరవై నిమిషాలు. ఒకరు తాకుతారు, ఇంకొకరు ఏది హాయిగా ఉందో చెప్తారు, తర్వాత మార్చుకుంటారు. మొదటి రెండు వారాలు రొమ్ములు, జననాంగాలు నిషేధం. తర్వాత రెండు వారాలు అవి కూడా కలుపుకుంటారు, కలయిక మాత్రం లేదు. అందరూ చెడగొట్టేది ఇక్కడే, "బాగానే ఉంది కదా" అని మూడో రోజుకే కలయికకి వెళ్లిపోతారు. అప్పుడు తక్కువ కోరిక ఉన్న మనిషికి ప్రతి స్పర్శా అప్పు వసూలుకి వచ్చినట్టే మళ్లీ అనిపిస్తుంది. ఆ భయం పోవడానికే నిషేధం పెట్టింది.

చీటీల్లో రాకపోయినా సమయం గురించి ఎవరో అడుగుతారు. 2005లో ఐదు దేశాల్లో 500 జంటల చేత స్టాప్‌వాచీతో కొలిపిస్తే మధ్యస్థం 5.4 నిమిషాలు వచ్చింది. గంటల లెక్కలు వీడియోల్లోవి. దాదాపు ప్రతిసారీ ఒక నిమిషం లోపే అయిపోతూ, ఆరు నెలలుగా అలాగే ఉండి, దానివల్ల బాధ ఉంటే అప్పుడు శీఘ్రస్ఖలనం అంటారు.

చట్టంమాట

ఆరోది రెండు ముక్కలుగా చెప్పాలి, కలిపేస్తే జనం తప్పుగా తీసుకెళ్తారు.

ఆరోగ్యం వైపు నుంచి జవాబు సూటిగా ఉంటుంది. వద్దనే హక్కు ఉంది, పెళ్లి ముందే రాసిచ్చిన సమ్మతి పత్రం కాదు. సరే అన్నాక మధ్యలో ఆపమనొచ్చు. తాగి తూలుతున్న మనిషి, నిద్రలో ఉన్న మనిషి సమ్మతించలేరు. అలగడం, మాట్లాడటం మానేయడం, "బయట చూసుకుంటా" అని బెదిరించడం, ఖర్చులకి డబ్బివ్వకపోవడం వల్ల వచ్చిన "సరే" కూడా సమ్మతి కాదు.

చట్టం వైపు ఇంకా పాత గోడ ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షన్ మినహాయింపు ప్రకారం, 18 ఏళ్లు నిండిన సొంత భార్యతో భర్త కలయిక అత్యాచారం కిందికి రాదు. విడిగా ఉంటున్న భార్యని బలవంతం చేస్తే 67వ సెక్షన్ కింద రెండు నుంచి ఏడేళ్ల జైలు. కలిసి ఉంటున్నా, 2005 గృహహింస చట్టం లైంగిక హింసని స్పష్టంగా హింసగానే లెక్కేస్తుంది. రక్షణ ఉత్తర్వు, ఇంట్లో ఉండే హక్కు అడగొచ్చు. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే దారి చెప్తారు.

ఇంకోటి క్లాసులో తప్పక చెప్పండి. ఇష్టపడి తీసుకున్న ఫోటో అయినా, అనుమతి లేకుండా ఇంకొకరికి పంపితే అదే న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం. తీయడానికి సరే అంటే పంచడానికి సరే అన్నట్టు కాదని ఆ సెక్షన్ వివరణలోనే ఉంది. ఎవరైనా బెదిరిస్తే డబ్బు కట్టొద్దు, కట్టినవాళ్లనే మళ్లీ అడుగుతారు. చాట్ చెరిపేయొద్దు, ప్రొఫైల్ లింకుతో సహా స్క్రీన్‌షాట్లు తీసి సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయాలి. స్టాప్ ఎన్‌సీఐఐ అనే ఉచిత సేవ ఉంది. ఫోటో మీ ఫోను దాటకుండా, దాని డిజిటల్ వేలిముద్ర మాత్రమే తీసుకుంటుంది. ఆ సేవలో చేరిన సైట్లు ఆ ముద్ర సరిపోలిన ఫోటోల్ని పట్టుకుని తీసేస్తాయి.

కిక్కిరిసిన బస్సులో ఒరుసుకోవడం, కిటికీలోంచి తొంగిచూడటం "చిలిపితనం" ఖాతాలో పోతుంటాయి. మనసుడెస్క్ గారి ఐసీడీ-11 సంగతి ఇక్కడ పనికొస్తుంది. వింత అభిరుచుల్లో చాలావాటిని ఆ జాబితాలోంచి తీసేశారు కానీ, సమ్మతి లేనివాళ్ల మీద చేసే ఈ రెండూ రుగ్మతల్లోనే ఉంచారు. మన చట్టంలోనూ రెండూ నేరాలే.

గోదారిగట్టు

చాలా ఉపయోగం. చివరి సందేహం. క్లాసయ్యాక కూడా చీటీల డబ్బా వారం పాటు ఉంచుదామనుకుంటున్నాం. అభ్యంతరం ఏమైనా ఉందా?

చట్టంమాట

ఉంచండి, కానీ పెట్టే ముందు ఒక సంగతి తేల్చుకోండి. ఏదైనా చీటీలో 18 ఏళ్ల లోపు పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని, జరగబోతోందని తెలిస్తే పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకి చెప్పడం మీ బాధ్యత. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు. అందుకే డబ్బా మీద "పేరు అక్కర్లేదు" అని రాసిన చోటే, "పిల్లల భద్రతకి సంబంధించినది మాత్రం రహస్యంగా ఉంచలేం" అని అదే సైజు అక్షరాల్లో రాయండి. పక్కనే పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు కూడా.

మనసుడెస్క్

డబ్బాని సీసీ కెమెరా లేని చోట, బాత్రూం వైపు వెళ్లే దారిలో పెట్టండి. అందరికీ ఒకే రంగు పెన్ను, ఒకే కాగితం ఇవ్వండి. చీటీలు మీరే టైపు చేసి చదవండి, ఆఫీసులో చేతిరాత గుర్తుపట్టేవాళ్లు ఎప్పుడూ ఉంటారు.